పద్నాలుగేళ్ళ గడప: పర్సుడీహ్ నుంచి ఒక పాఠం



ఈనాటి ప్రసంగానికి విషయం మీలో చాలామందికి బాగా తెలిసిన చోటే. నగరం చివర ఉండే ప్రభుత్వ ఉన్నత పాఠశాల, అక్కడ తొమ్మిదో తరగతి నుంచి సాగే చదువు. ఉదాహరణకు మాత్రం మన ఊరు కాకుండా జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ శివారు పర్సుడీహ్‌ను తీసుకుంటున్నాను. జంషెడ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. ఉక్కు కర్మాగారంలోనూ రైల్వేలోనూ పనికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు అక్కడ తరాల తరబడి ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ ఇప్పటికీ కనిపిస్తాయి.

ముందుగా ఒక మాట. మన దేశంలో ‘పబ్లిక్ స్కూల్’ అని బోర్డు ఉంటే అది చాలావరకు ప్రైవేటు బడి అని అర్థం! అందుకే నేను ‘ప్రభుత్వ ఉన్నత పాఠశాల’ అనే అంటాను.

టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. 1912లో మొదటి ఉక్కు తయారైంది. 1919లో సాక్చీ అనే పల్లెకు జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. దగ్గరలోని కాలీమాటీ రైల్వే స్టేషను టాటానగర్ అయింది. కంపెనీ తన పట్టణానికి రోడ్లు వేసింది, నీళ్ళిచ్చింది, ఆసుపత్రి కట్టింది, బడులు పెట్టింది. అయితే కంపెనీ లీజు భూమికి ఒక సరిహద్దు ఉంది. టాటానగర్ స్టేషను దాటి దక్షిణంగా వెళితే వచ్చే పర్సుడీహ్ ఆ సరిహద్దుకు అవతల ఉంది. ‘డీహ్’ అంటే జనావాసం. పర్సుడీహ్, కరన్‌డీహ్, కీతాడీహ్ అన్నీ ఒకప్పటి పల్లెలే.

జనాభా లెక్కల వారు ఇలాంటి చోటును ‘సెన్సస్ టౌన్’ అంటారు. జనాభా 5,000కు తగ్గకూడదు, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, పనిచేసే మగవారిలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. ఈ మూడూ ఉండి పురపాలక సంఘం లేకపోతే అది సెన్సస్ టౌన్. అంటే బతుకు పట్నానిది, పాలన పంచాయతీది. అక్కడి పిల్లవాడి తండ్రి కర్మాగారంలో కాంట్రాక్టు పనికో, మార్కెట్ యార్డులో బస్తాలు మోయడానికో వెళ్ళవచ్చు. కంపెనీ బడి రైలు పట్టాలకు అవతల ఉంది. ఇవతల ఉన్నది ప్రభుత్వ బడి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

2002లో రాజ్యాంగానికి జరిగిన 86వ సవరణ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అనుసరించి 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ చట్టం ఏ వయసు వరకు వర్తిస్తుందో మీకు తెలుసా? 6 నుంచి 14 ఏళ్ళ వరకు, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా. తొమ్మిదో తరగతి గురించి ఆ హామీలో లేదు.

దీని పక్కనే మరో చట్టాన్ని పెట్టి చూడండి. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదని, ఒకటి రెండు మినహాయింపులతో, అది చెబుతుంది. 14 నుంచి 18 ఏళ్ళ వారికైతే గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలు మాత్రమే నిషిద్ధం. మిగతా పనులకు అడ్డులేదు. అంటే చదువు హామీ ఏ వయసులో ముగుస్తుందో, పనికి తలుపు ఆ వయసులోనే తెరుచుకుంటుంది. ఉన్నత పాఠశాల గడప సరిగ్గా అక్కడే ఉంది! కర్మాగారాల గొట్టాలు కనబడేంత దూరంలో ఉన్న శివారులో ఈ రెండు తలుపులూ ఎదురెదురుగా ఉంటాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం 2030 నాటికి పిల్లలందరూ సెకండరీ స్థాయి వరకు బడిలో ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. కానీ లక్ష్యానికీ హక్కుకూ తేడా ఉంది. హక్కును అడగవచ్చు, లక్ష్యం కోసం ఎదురుచూడాలి.

మరి తొమ్మిదో తరగతిలో పిల్లవాణ్ణి నిలిపేది ఏమిటి? చట్టం నిలపనప్పుడు ఆ పని చదువే చేయాలి. అందుకే ఉన్నత పాఠశాల ఏమి నేర్పుతుంది, ఎలా నేర్పుతుంది అన్న ప్రశ్నకు అంత బరువుంది.

డబ్బు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే గడువు దాటితే అది తిరిగి రాదు. జాతీయ ప్రతిభా ఉపకార వేతనం, ఎన్.ఎం.ఎం.ఎస్. అని మీ బడిలో వినే ఉంటారు. 2008లో మొదలైన ఈ పథకం ఎనిమిది తర్వాత చదువు మానేయకుండా ఆపడానికే పెట్టారు. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో ఎనిమిది చదువుతూ, తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించని వారు పరీక్ష రాయవచ్చు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు సడలింపు ఉంది. పరీక్షలో రెండు భాగాలు: ఒకటి ఆలోచనా శక్తికి, ఒకటి ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలకు. ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పర్సుడీహ్ పిల్లలకూ పాలకొండ పిల్లలకూ పథకం ఒక్కటే. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఎనిమిదిలో ఉంటే ఈరోజే బడిలో అడగండి. జార్ఖండ్‌లో ఆడపిల్లలకు దీనితోపాటు సావిత్రీబాయి ఫూలే కిశోరీ సమృద్ధి యోజన కూడా ఉంది. ఎనిమిదో తరగతి నుంచి విడతలుగా సొమ్ము ఇస్తారు.

ఇక చదువు లోపలికి వెళదాం. మొదటి చిక్కు భాష.

పర్సుడీహ్ చుట్టుపక్కల ఇళ్ళలో సంథాలీ, హో, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురి వినిపిస్తాయి, కొన్ని ఇళ్ళలో తెలుగు కూడా. బడిలో పుస్తకం హిందీలో ఉంటుంది. ‘రెండూ సంస్కృత పదాలతో నిండినవే, తెలుగు పిల్లలకు ఇబ్బంది ఏముంటుంది’ అనుకుంటాం. ఇబ్బంది అక్కడే ఉంది. తెలుగులో ‘లోహం’ అంటే మెటల్. హిందీలో ‘లోహా’ అంటే ఇనుము. హిందీలో మెటల్‌ను ‘ధాతు’ అంటారు. మనం ‘ధాతువు’ అనేది లోహాన్ని తీసే ముడి ఖనిజాన్ని, దాన్ని వారు ‘అయస్క్’ అంటారు. ఉక్కు నగరం అంచున ఉన్న తరగతి గదిలో ఇంటి తెలుగుతో వచ్చిన పిల్లవాడికి ఖనిజం, ఇనుము, లోహం మూడూ కలగాపులగం అవుతాయి. భౌతికశాస్త్రంలో మరొకటి. మనం ‘శక్తి’ అంటే ఎనర్జీ. హిందీ పుస్తకంలో ‘శక్తి’ అంటే పవర్, అంటే మన ‘సామర్థ్యం’. వారి ఎనర్జీ ‘ఊర్జా’. జూల్‌లలో రాయవలసిన జవాబు వాట్లలో రాసిన పిల్లవాడికి సున్నా వేస్తే, ఆ సున్నా అతని విజ్ఞానానికి కాదు.

సంథాలీ మాట్లాడే పిల్లల సమస్య వేరు. వారి భాష ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబానిది, హిందీతో పోలిక తక్కువ. పండిత రఘునాథ్ ముర్ము 1925లో ఆ భాషకు ఓల్ చికీ లిపిని రూపొందించారు. 2003లో 92వ సవరణ ద్వారా సంథాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చేరింది. జార్ఖండ్ అకడమిక్ కౌన్సిల్ మెట్రిక్ పరీక్షలో సంథాలీ, హో, ముండారీ, కురుఖ్ వంటి భాషలను పాఠ్యాంశంగా తీసుకోవచ్చు. కానీ పాఠ్యాంశంగా ఉండటం ఒకటి, బడిలో నేర్పే ఉపాధ్యాయుడు ఉండటం మరొకటి. జాబితాలో ఉన్న ప్రతి పాఠ్యాంశం గురించీ ఈ ప్రశ్న అడగాలి.

రెండోది ప్రయోగం. ఒకసారి నేను వెళ్ళిన ఒక బడిలో, పేరు అనవసరం, ప్రయోగశాల బీరువాకు తాళం ఉంది, తాళంచెవి మాత్రం ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేకపోయారు. పగిలితే లెక్క చెప్పాలన్న భయంతో మంచి గాజు పరికరాలు తళతళలాడుతూ ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి. ఆరోజు ఆరుబయట నాటిన ఒక కర్రతోనే పాఠం చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతాను.

పర్సుడీహ్ అక్షాంశం సుమారు 22.8 డిగ్రీల ఉత్తరం, కర్కట రేఖకు కొంచెం దక్షిణం. కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు, జూన్ 7, జూలై 5 ప్రాంతాల్లో, సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నాటిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. జూలైలో మబ్బు అడ్డం రావచ్చు. ఆ క్షణం గడియారంలో పన్నెండు కాదు, దాదాపు పావుగంట ముందే వస్తుంది. ఎందుకంటే మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, జంషెడ్‌పూర్ 86.2 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన వేసుకోండి. హైదరాబాదులోనైతే అది పన్నెండు దాటాకే వస్తుంది.

సెప్టెంబరు 22 లేదా 23న పగలూ రాత్రీ సమానం. ఆరోజు మీటరు కర్రకు మధ్యాహ్నం పడే అతి పొట్టి నీడను కొలవండి. పర్సుడీహ్‌లో అది సుమారు 42 సెంటీమీటర్లు ఉంటుంది, విశాఖపట్నంలో 32. పదో తరగతి త్రికోణమితిలోని టాన్ పట్టిక చూస్తే మొదటిది 22.8 డిగ్రీలు, రెండోది 17.7. ఆ కోణమే మీ ఊరి అక్షాంశం! తేడా 5 డిగ్రీల పైచిలుకు. పటంలో రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం, రైలు దూరం కాదు, సుమారు 563 కిలోమీటర్లు. 360ని 5.07తో భాగిస్తే 71. 71ని 563తో గుణిస్తే దాదాపు 40,000. భూమి చుట్టుకొలత అదే. గణితం, భూగోళం, భౌతికశాస్త్రం ఒక్క కర్రకు వచ్చి చేరాయి. ఇందులో బీరువా అవసరం ఎక్కడుంది? అలాగని బీరువా తెరవనక్కరలేదని నా ఉద్దేశం కాదు. ఆమ్లాన్నీ క్షారాన్నీ కర్రతో కొలవలేం. తాళంచెవి కోసం మర్యాదగానే, కానీ వదలకుండా అడగండి.

మూడోది, పది తర్వాత దారి. ఐ.టి.ఐ.లో వెల్డర్ కోర్సుకు ఎనిమిదో తరగతి చాలు. ఫిట్టర్‌కు, ఎలక్ట్రీషియన్‌కు పదో తరగతి, అందులో గణితం, విజ్ఞానశాస్త్రం ఉండాలి. వెల్డింగు చిన్నపని అని నేను అనను, మంచి వెల్డరుకు గౌరవం ఉంది. కానీ తొమ్మిది, పది చదివినవాడికి మూడు తలుపులు తెరిచి ఉంటే, ఎనిమిదితో ఆగినవాడికి ఒకటే ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో 1921లోనే సాంకేతిక శిక్షణ సంస్థ పెట్టారు. ఇటుక మీద ఇటుకలా వృత్తి నేర్చుకునే సంప్రదాయం అక్కడ వందేళ్ళది. ఇప్పుడు సమగ్ర శిక్ష కింద కొన్ని బడుల్లో తొమ్మిది నుంచే వృత్తివిద్య ఒక పాఠ్యాంశంగా ఉంది. మీ బడిలో ఏ వృత్తి ఉందో, అది మీ ఊళ్ళో పనికొచ్చేదో కాదో చూసుకోండి.

ఇంటర్మీడియట్ చదవాలనుకునేవారికి జార్ఖండ్‌లో మరో సంగతి. మనకు జూనియర్ కళాశాలలు వేరుగా ఉన్నాయి. అక్కడ చాలాకాలం డిగ్రీ కళాశాలల్లోనే ఇంటర్ ఉండేది. 2025లో దాన్ని వేరుచేయడంతో ఆ విద్యార్థుల భారం ప్లస్ టూ పాఠశాలల మీద పడింది. పర్సుడీహ్ పిల్లలకు నడిచి వెళ్ళేంత దగ్గరలో కరన్‌డీహ్‌లో కళాశాల ఉన్నా, పదకొండో తరగతికి ప్లస్ టూ బడి ఎక్కడుందో చూసుకోవాలి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం 80 బడులను ముఖ్యమంత్రి ఉత్కృష్ట విద్యాలయాలుగా తీర్చి సి.బి.ఎస్.ఇ.కి మార్చింది. వాటిలో సీటు వచ్చినవారు సంతోషించాలి. నా దిగులు మాత్రం సీటు రానివారి గురించి. వారు వెళ్ళేది మామూలు బడికే, వారే ఎక్కువమంది.

మీరు ఏ ఊళ్ళో ఉన్నా వచ్చే సెప్టెంబరు 22న మీటరు కర్ర ఒకటి నిటారుగా నాటండి. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా ఐదేసి నిమిషాలకు నీడ కొన దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అన్నిటిలో పొట్టిదాన్ని కొలిచి, పడిన వేళను కూడా నోటుపుస్తకంలో రాసుకోండి. జంషెడ్‌పూర్‌లో మీకు మేనమామో పిన్నిగారో ఉంటే, వారి పిల్లలను అదేరోజు అక్కడ కొలిచి ఫోనులో చెప్పమనండి.