సంచి మోసిన బిడ్డ, సంచి ఇచ్చిన పెద్ద

 

ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఈ కొండలు 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోనివి. రాష్ట్రాలు వేరుపడ్డా సాలూరు ఘాటు మీద, అరకు దారిలో రాకపోకలు ఆగలేదు. అవే దారుల్లో ఇప్పుడు గంజాయి దిగుతోంది. మోసేవాళ్లలో మీసాలు రాని పిల్లలూ ఉంటున్నారు. సరుకు ఆసామి తప్పించుకుంటాడు, సంచి పట్టుకున్నవాడు దొరుకుతాడు. ఆ పిల్లవాడి కోసమే ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీతో మాట్లాడుతున్నాను.

పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ని లాకప్పులో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. దారిలో పట్టే సమయం పోగా 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టమూ, దాని కింద వచ్చిన 2016 నిబంధనలూ చెప్పిన ఈ సంగతులు చాలామందికి తెలుసు. ఆ నిబంధనల్లో ఎనిమిదోది చెప్పే మరో మాట మాత్రం తెలిసినవారు తక్కువ. ఘోర నేరమైతేనో, పెద్దలతో కలిసి చేస్తేనో తప్ప బిడ్డ మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. జనరల్ డైరీలో రాసుకుని, ఆ బిడ్డ ఇల్లూ బడీ ఎలాంటివో తెలిపే సామాజిక నేపథ్య నివేదికను బోర్డుకు పంపాలి.

గంజాయి విషయంలో ఇది ఎలా పనిచేస్తుందో చూడండి. కిలో వరకు శిక్ష ఏడాదికి మించదు, కనుక చిన్న నేరం. ఇరవై కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లు, అది ఘోర నేరం. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల దాకా వేయవచ్చు గానీ కనీస శిక్ష లేదు. అలాంటిది ఘోర నేరం కిందికి రాదని శిల్పా మిత్తల్ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే అయిదు కిలోల సంచితో ఒంటరిగా దొరికిన పిల్లవాడి మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. పిల్లల చేత మత్తుమందు మోయించినవాడికి మాత్రం, ఆ 2015 చట్టం 78వ సెక్షన్ కింద, ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా.

పెద్దలతో కలిసి అన్న మినహాయింపు నాకు మింగుడుపడదు. వాడుకున్నవాడు పక్కనే దొరికాడన్న కారణంగా బిడ్డ కేసులోకి రావడం ఏం న్యాయం? దాన్ని మార్చాలి.

నిబంధన ఎంత మంచిదైనా బోర్డుకు పంపే ఆ నేపథ్య నివేదిక రాసే చెయ్యి మంచిదై ఉండాలి. కువి తప్ప మరో భాష రాని పిల్లవాణ్ని ఒడియాలో ప్రశ్నిస్తే నివేదికలో ఏం మిగులుతుంది? బడి ఎందుకు మానేశాడో, సంచి ఎవరిచ్చారో వాడి భాషలో అడగాలి. మీలో కువి, దేశియా, తెలుగు వచ్చినవాళ్లున్నారు. స్టేషన్లో బాలల సంక్షేమ పోలీసు అధికారి పక్కన కూర్చోవలసింది మీరే. సోషియాలజీ చదివి ఆ రంగంలో వృత్తి చేసేవారికి బోర్డు సభ్యత్వానికి కూడా అర్హత ఉంది. జర్నలిజం పట్టభద్రులారా, ఆ బిడ్డ పేరు, బడి, ఊరు, ఫొటో ఏవీ వేయకండి. 2015 చట్టం 74వ సెక్షన్ కింద అది నేరం.

ఉపాధ్యాయులు కాబోతున్నవారికి ఒక మాట. వయసు మీద సందేహం వస్తే బోర్డు ముందుగా చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రాన్ని, లేదా మెట్రిక్ సర్టిఫికెట్‌ను. చేర్చుకునే రోజు తోచిన తేదీ వేస్తే, పదిహేనేళ్లవాడు కాగితం మీద పద్దెనిమిది దాటి జైలుకు పోవచ్చు. రిజిస్టరు తెరిచే ముందు తల్లిని అడగండి. ఆమెకు తేదీ తెలియకపోతే ఏ పండగకు ముందు పుట్టాడో, ఏ కోతలప్పుడు పుట్టాడో అడిగి, అంగన్‌వాడీ పుస్తకంతో సరిచూసి అప్పుడు రాయండి.