పెన్షన్ హక్కు – సర్వీసు కాలంలోనే కాపాడుకోవలసిన కాగితాలు



పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదని, ఉద్యోగి తన సేవతో ఆర్జించుకున్న హక్కు అని 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము. అయితే ఆ హక్కు చేతికి అందవలసినప్పుడు కార్యాలయం అడిగేది కాగితం. పదవీ విరమణ చేసిన మేము కొందరము మన బస్తీలలో దరఖాస్తులు నింపిపెడుతూ చూసినది ఇదే: హక్కు ఉండి కూడా, దానిని నిరూపించే కాగితం లేక కుటుంబాలు ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి.

మన విశాఖలో ప్రభుత్వ రంగ కొలువులన్నిటికీ ఒకే నియమం లేదు. కలెక్టరేటులోను, ప్రభుత్వ పాఠశాలల్లోను పనిచేసేవారికి రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి. రైల్వే, నేవల్ డాక్‌యార్డు సివిలియన్ ఉద్యోగులు కేంద్ర నిబంధనల కిందికి వస్తారు. పోర్టుకు తనవైన నియమాలున్నాయి. ఉక్కు కర్మాగారం కార్మికులకు భవిష్యనిధి, దానితోపాటు 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకం వర్తిస్తాయి. చేరిన తేదీ కూడా ముఖ్యమే. కేంద్రంలో 2004 జనవరి 1 నుండి, మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుండి చేరినవారు పాత పెన్షన్‌కు బదులు వాటా చెల్లించే పథకంలోకి వెళ్లారు. కనుక పొరుగింటివారికి వచ్చింది మనకూ వస్తుందని అనుకోరాదు. తనకు ఏ నియమం వర్తిస్తుందో ప్రతి ఉద్యోగి ముందుగా తెలుసుకోవాలి.

ఇక సర్వీసులో వచ్చే విరామాల సంగతి. ప్రసూతి సెలవు 180 రోజులు జీతంతో కూడినది. అది పెన్షన్ లెక్కలో చేరుతుంది. పిల్లల సంరక్షణకు కేంద్ర ఉద్యోగినులకు మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవు ఉంది. మన రాష్ట్రంలోనూ ఇటువంటి సెలవు ఉంది, రోజులు మాత్రం తక్కువ. ఈ సెలవులు ఉన్నాయని తెలియక, భర్త గల్ఫ్‌కు వెళ్లాడనో, అత్తగారికి జబ్బు చేసిందనో మన ఆడబిడ్డలు కొందరు రాజీనామా రాసి ఇస్తున్నారు. రాజీనామా చేస్తే అంతవరకు చేసిన సర్వీసు మొత్తం రద్దవుతుంది. పదేళ్లు నిండి పెన్షన్ అర్హత దగ్గరపడినవారికి ఇది తీరని నష్టం. మరో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి శాఖ అనుమతితో చేసే రాజీనామాకు మాత్రమే ఈ నష్టం ఉండదు.

జీతం లేని అసాధారణ సెలవు విషయంలోనూ జాగ్రత్త అవసరం. వైద్య ధ్రువపత్రంపై మంజూరైనదానికి, సొంత పనులకు తీసుకున్నదానికి ఇంక్రిమెంటులోను, పెన్షన్ లెక్కలోను తేడా ఉంటుంది. కనుక అనారోగ్యం కారణమైతే ధ్రువపత్రం జతచేయకుండా దరఖాస్తు ఇవ్వవద్దు. అనుమతి లేని గైర్హాజరు అన్నిటికంటె ప్రమాదకరం. రాష్ట్ర నిబంధనల ప్రకారం అది ఏడాది దాటితే రాజీనామా చేసినట్లుగానే భావిస్తారు. హజ్‌కు వెళ్లేవారు సైతం సెలవు మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చిన తరువాతనే బయలుదేరాలి.

ఇప్పుడు గాజువాక, కూర్మన్నపాలెం ప్రాంతాల కాంట్రాక్టు కార్మికుల మాట. పెన్షన్ పథకంలో మొత్తం పదేళ్ల సర్వీసు ఉంటేనే 58వ ఏట నెలవారీ పెన్షన్ వస్తుంది. పెన్షన్ లెక్కకు తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి, 70తో భాగిస్తే వచ్చేదే పెన్షన్. ఒక కార్మికుడు ముగ్గురు కాంట్రాక్టర్ల వద్ద నాలుగేసి ఏళ్లు పనిచేశాడనుకుందాం. మూడు ఖాతాలను ఒకే యూఏఎన్ కింద కలుపుకుంటే 12 ఏళ్లు అవుతాయి. జీతం 15,000 రూపాయలైతే నెలకు సుమారు 2,571 రూపాయలు వస్తుంది. కాంట్రాక్టు మారిన ప్రతిసారీ పెన్షన్ సొమ్ము కూడా తీసేసుకుంటే చివరికి నాలుగేళ్లే మిగులుతాయి, పెన్షనే ఉండదు. పని ఆగినప్పుడు సొమ్ముకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత సర్వీసు భద్రంగా ఉంటుంది. వచ్చే పెన్షన్ చిన్నదే, కాదనము. కాని కార్మికుని తరువాత అతని భార్యకూ ఈ పథకంలో పెన్షన్ ఉందని మరువరాదు.

కుటుంబ పెన్షన్ గురించి మన ఇళ్లలో ఒక అపోహ ఉంది. దానిని వారసత్వపు ఆస్తిగా భావించి, ఫరాయిజ్ ప్రకారం అన్నదమ్ములకు, తల్లిదండ్రులకు వాటాలు అడుగుతున్నారు. కుటుంబ పెన్షన్ మృతుని ఆస్తిలో భాగం కాదని, వీలునామాతో దానిని మరొకరికి రాయడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో స్పష్టం చేసింది. అది నిబంధనల ప్రకారం ముందుగా భార్యకు లేక భర్తకు చెందుతుంది. భవిష్యనిధి సంగతి వేరు. అందులో నామినీ సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమే. వారసుల వాటాలు అలాగే ఉంటాయి. కేంద్ర నిబంధనలలో విడాకులు పొందిన కుమార్తెకు కూడా, కొన్ని షరతులపై, కుటుంబ పెన్షన్ ఉంది. కాని తల్లిదండ్రులు జీవించి ఉండగానే కోర్టులో విడాకుల కేసు దాఖలై ఉండాలి. పెద్దలు రాసి ఇచ్చిన కాగితంతో సరిపెట్టుకుంటే ఆ బిడ్డ రేపు నష్టపోతుంది.

అన్నిటికంటె మనవారిని ఎక్కువగా బాధిస్తున్నది పేరు. సర్వీసు రిజిస్టరులో ‘ఎస్.కె.’, ఆధార్‌లో ‘షేక్’, బ్యాంకులో ‘షైక్’. నికాహ్‌నామాలో ‘బీ’, రేషను కార్డులో ‘బేగం’. ఒకే మనిషి కాగితాలమీద ముగ్గురవుతున్నారు. భర్త బ్రతికి ఉండగా ఒక దరఖాస్తుతో సరిపోయే సవరణకు, ఆయన పోయాక అఫిడవిట్లు, ధ్రువపత్రాలు, నెలల నిరీక్షణ తప్పవు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఈ పనులకు ఎవరి వెంట తిరగాలి?

కనుక మా మనవి ఇది. ఉద్యోగంలో ఉన్న ప్రతివారు ఈ నెలలోనే తమ సర్వీసు రిజిస్టరు చూసుకోవాలి. పుట్టిన తేదీ, పేరు, మంజూరైన సెలవులు, కుటుంబ సభ్యుల వివరాలు, నామినేషన్లు సరిచూసుకోవాలి. వివాహం జరిగినా, బిడ్డ పుట్టినా వెంటనే నమోదు చేయించాలి. ఆ నకళ్లన్నీ ఒక ఫైలులో పెట్టి, అది ఎక్కడ ఉన్నదో భార్యకు చూపించాలి. అప్పును సైతం వ్రాసిపెట్టుకొమ్మని సూరతుల్ బఖరా మనకు బోధిస్తుంది. జీవితమంతా చేసిన సేవకు రావలసినదానిని నోటిమాటకు వదిలిపెట్టడం మనకు తగదు.

మస్జిదు కమిటీలు నెలకు ఒక్క ఆదివారం స్థలమిస్తే చాలు. దరఖాస్తులు నింపడానికి పదవీ విరమణ చేసిన మేము సిద్ధంగా ఉన్నాము. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని నినదించి కర్మాగారాన్ని సాధించుకున్న గడ్డ ఇది. ఆ కర్మాగారంలో, ఈ ఓడరేవులో, ఈ కార్యాలయాలలో చెమటోడ్చినవారి వృద్ధాప్యానికీ ఒక హక్కు ఉంది. దానిని కాపాడుకునే పని నేడే మొదలుపెడదాము.