ఇంటి లెక్క చూసుకుని ఫోను కొందాం

(2024–25 మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ ఈ సభలో గేదెల గురించి, బ్యాంకు లింకేజి గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మమ్మల్ని టచ్ ఫోను గురించి మాట్లాడమన్నారు. ఇదేం పెద్ద సంగతి అనుకోకండి. మన ఇళ్లలో బంగారం, గేదె, కుట్టు మిషను తర్వాత ఒక్కసారిగా ఎక్కువ డబ్బు పెట్టి కొనే వస్తువు ఇప్పుడు ఫోనే. గేదె కొనేటప్పుడు నలుగురిని అడుగుతాం, పాలు పిండి చూస్తాం. ఫోను దగ్గరికి వచ్చేసరికి షాపు అబ్బాయి చెప్పిందే వేదం అయిపోతోంది.

మా సంఘంలో 11 మందిమి. ఈ ఏడాది ఒక సభ్యురాలు ఫోను కోసం అంతర్గత అప్పు అడిగింది. ఆమె భర్త తాపీ పని చేస్తాడు, ఆమె జాకెట్లు కుడుతుంది. కొడుకు ఇంటర్. ఆ పిల్లవాడు 24,000 రూపాయల ఫోను చూపించి అదే కావాలన్నాడు. ఆ నెల పెట్టెలో డబ్బు తక్కువగానే ఉంది. ఎరువులకని ఒకరు, ఆపరేషను మందులకని ఇంకొకరు ముందే అడిగి ఉన్నారు. మాలో పెద్దావిడ ఒకామె లేచి, "ఫోనులకు కూడా సంఘం డబ్బులిస్తే రేపు ఒంట్లో బాగోకపోతే ఎక్కడికి పోతాం?" అంది. ఇంకొకామె, "ఆమె కుట్టు పనికి ఫోను పనిముట్టే కదా వదినా, కత్తెర కొంటానంటే ఇవ్వమా?" అంది. రెండూ న్యాయమైన మాటలే. అందుకని ఆ రోజు తీర్మానం రాయలేదు. ఒక వారం ఆగి, ఆ ఇంటి లెక్క అందరం కూర్చుని వేశాం. ఆమె ఒప్పుకున్నాకే వేశాం. ఇక్కడ చెప్పడానికి కూడా ఆమె సరేనంది.

నెలకు భర్త కూలి 14,000, కుట్టు మీద 4,000, మొత్తం 18,000 వస్తాయి. బియ్యం, సరుకులు, కూరలకు 6,500. గ్యాసు, కరెంటు 1,200. చదువు, బస్సు 2,500. మందులు 1,000. బ్యాంకు కిస్తీ 2,500. పొదుపు 200. పెళ్లిళ్లు, పేరంటాలు, రాకపోకలు 1,200. రెండు ఫోనుల రీచార్జి 500. ఖర్చు 15,600 అయింది. మిగిలేది 2,400. అదీ పని బాగా దొరికిన నెలలో. వానాకాలంలో తాపీ పని సగానికి పడిపోతుంది. కాబట్టి ఈ ఇల్లు ఫోను కోసం నెలకు 1,000 కంటే ఎక్కువ కట్టలేదు అని అందరికీ అర్థమైంది.

నెలకు 1,000 లెక్కన 24,000 ఫోను తీరడానికి వడ్డీ కలపకుండానే 2 ఏళ్లు పడుతుంది. ఫోనుకు వారంటీ సాధారణంగా 1 ఏడాది. అంటే రెండో ఏడు ఫోను చెడిపోతే బాగు చేయించే ఖర్చు మనదే, అప్పు కూడా మనదే. అక్కడే మాకు ఒక సూత్రం దొరికింది. వారంటీ అయిపోయేలోపు అప్పు తీరిపోవాలి. అంతకు మించిన ఫోను మన ఇంటిది కాదు. ఈ మాట ఎవరూ ఆ పిల్లవాడికి ఉపన్యాసంలా చెప్పలేదు. లెక్క కాగితం వాడి చేతికే ఇచ్చి కూడమన్నాం. వాడే కూడాడు.

ఆ లెక్కన 11,000 రూపాయలకు మించకూడదని తేలింది. ఆమె దగ్గర కుట్టు డబ్బులు 2,000 ఉన్నాయి. సంఘం నుంచి 9,000. ఇక్కడ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. 11,000 ఉంటే 11,000 ఫోను చూడకూడదు. ఇప్పుడు కొన్ని ఫోనులకు డబ్బాలో చార్జరు రావడం లేదు. కవరు, అద్దం మీద అంటించే గ్లాసు వేరే కొనాలి. ఆమె ఫోను 9,900, చార్జరు 750, కవరు, గ్లాసు 350, సరిగ్గా 11,000 అయింది. చిన్న ఫోను నుంచి టచ్ ఫోనుకు మారితే నెట్ రీచార్జి కూడా పెరుగుతుంది. ఆమెకు నెలకు 150 పెరిగింది. అది కూడా ముందే లెక్కలో వేశాం.

ఇప్పుడు అప్పు సంగతి. షాపులో "వడ్డీ లేకుండా వాయిదాలు" అని బోర్డు ఉంటుంది. మేము షాపు అబ్బాయిని రెండే ప్రశ్నలు అడిగాం. రొక్కం ఇస్తే ఎంత? వాయిదాలకైతే అన్నీ కలిపి మొత్తం ఎంత? రొక్కానికి 9,900. వాయిదాలకైతే తగ్గింపు లేదు, 10,600. పైన ఫైలు చార్జీ 299. అంటే వడ్డీ లేని అప్పుకు దాదాపు 1,000 రూపాయలు ఎక్కువ. పైగా ఒక వాయిదా రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక చార్జీ, ఫైనాన్సు కంపెనీ ఒక చార్జీ వేస్తాయి. ఆ ఆలస్యం మన పేరు మీద రికార్డయి రేపు బ్యాంకు అప్పుకు అడ్డం వస్తుంది.

మన సంఘంలో నూటికి రూపాయి వడ్డీ. 9,000 అప్పు, నెలకు 1,000 అసలు కడితే 9 నెలలు. మొదటి నెల వడ్డీ 90, తర్వాత 80, 70, అలా తగ్గుతూ చివరి నెల 10. మొత్తం 450. షాపు వాయిదాలకయ్యే అదనంలో సగం కూడా కాదు. ఆ 450 కూడా ఎక్కడికో పోదు, మన 11 మంది నిధిలోకే వస్తుంది. ఎరువుల అప్పు, మందుల అప్పు ముందు ఇచ్చి, తర్వాతి నెల ఈ అప్పు ఇచ్చాం. ఆ రోజే తీర్మానం రాసుకున్నాం. ఆరోగ్యం, సాగు, చదువు ఫీజుల తర్వాతే ఫోను. 10,000 దాటకూడదు. ఒక అప్పు తీరాకే ఇంకొకరికి ఫోను అప్పు.

ఇక ఏ ఫోను కొనాలి? కంపెనీ పేరు మేము చెప్పం. ధరలు, మోడళ్లు నెలనెలా మారిపోతాయి. చూడాల్సినవి మాత్రం చెబుతాం.

ముందు, ఈ ఫోనుతో మనకు పనేమిటో కాగితం మీద రాసుకోవాలి. ఆమె రాసుకున్నవి ఇవి. వాట్సాప్‌లో జాకెట్ డిజైన్లు చూడడం, ఫోన్ పే, గూగుల్ పే లాంటి వాటిలో డబ్బు తీసుకోవడం, పిల్లవాడి పాఠాలు, సంఘం లెక్కలు. ఈ పనులకు 24,000 ఫోను అక్కర్లేదు.

రెండోది, ర్యామ్, స్టోరేజి. షాపులో 4 జీబీ, 128 జీబీ అని గబగబా చెప్పేస్తారు. ర్యామ్ అంటే వంటింట్లో గట్టు లాంటిది. గట్టు పెద్దదైతే ఒకేసారి నాలుగు పనులు పెట్టుకోవచ్చు. స్టోరేజి అంటే అటక. సామాను దాచేది. గట్టు ఇరుకైతే ఫోను ఆగి ఆగి నడుస్తుంది. అటక నిండితే ఫొటో కూడా తీయనివ్వదు. ఇప్పుడు కొనేటప్పుడు ర్యామ్ 4 జీబీకి తగ్గకూడదు, 6 దొరికితే మంచిది. స్టోరేజి 128 ఉంటే నాలుగేళ్లు ఇబ్బంది ఉండదు. 64 అంటే అందులో కొంత ఫోను తన సొంతానికే వాడుకుంటుంది, మిగతాది వాట్సాప్ వీడియోలతో నిండిపోతుంది. ఇంకో మాట. డబ్బా మీద "8 జీబీ" అని పెద్దగా వేసి, కింద చిన్నగా "4+4" అని రాస్తారు. ఆ రెండో 4 నిజం ర్యామ్ కాదు. అటక మీద కొంచెం చోటు తీసి గట్టు అని పిలవడమే.

మూడోది, అప్‌డేట్లు. ఇది ఎవరూ అడగరు, మనం అడగాలి. ఫోనుకు కంపెనీ కొన్నేళ్లు మాత్రమే భద్రత అప్‌డేట్లు పంపుతుంది. ఆ తర్వాత ఫోను బాగానే కనిపిస్తుంది కానీ దొంగలకు తలుపు తీసి పెట్టినట్టే. బ్యాంకు యాప్‌లు కూడా మరీ పాత ఆండ్రాయిడ్ మీద పనిచేయడం మానేస్తాయి. బాగా చవకగా ఇస్తున్నారంటే రెండు మూడేళ్ల కిందటి మోడలేమో కనుక్కోవాలి.

నాలుగోది, బ్యాటరీ, సర్వీసు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఇప్పుడు మామూలే, అంతకు తగ్గించి కొనొద్దు. ఆ కంపెనీ సర్వీసు సెంటరు మన దగ్గర టౌనులో ఉందా అని అడగండి. బాగుచేయించడానికి రెండు బస్సులు మారి, ఒక రోజు కూలి పోగొట్టుకుంటే చవక ఫోను ఖరీదైపోతుంది. కెమెరా 50 మెగాపిక్సెల్ అని చెప్పి ధర పెంచుతారు. అంకె చూసి మోసపోకుండా, షాపులోనే నీడలో ఒక ఫొటో తీసి చూడండి. అక్షరాలు పెద్దవి చేయించి, తెలుగు పెట్టించి చూడండి. మాట్లాడితే తెలుగులో రాసే సౌకర్యం ఉంటుంది, అక్కడే నేర్పించుకోండి.

ఐదోది, బిల్లు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. ఫోను మీద జీఎస్టీ 18 శాతం, అది మనం కట్టే ధరలోనే ఉంటుంది. బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం. *#06# అని నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. రెండు సిమ్ముల ఫోనుకు రెండు నంబర్లు ఉంటాయి. అవి డబ్బా మీద, బిల్లు మీద, ఫోనులో ఒకటే ఉండాలి. మేము ఆ నంబరు సంఘం పుస్తకంలో కూడా రాసుకుంటున్నాం. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ నంబరుతో సంచార్ సాథీలో ఫోనును పనిచేయకుండా ఆపించవచ్చు. ఈ సౌకర్యం 2023 నుంచి దేశమంతా ఉంది. షాపువాళ్లు అన్యాయం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

5,000 లోపు సెకండ్ హ్యాండ్ తీసుకోవాలనుకునే అక్కలు కూడా ఉన్నారు. తప్పేమీ లేదు. కానీ పాత బిల్లు అడగండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, కొంచెం చోటు వదిలి ఆ 15 అంకెలు కొట్టి 14422కు మెసేజి పెడితే ఆ ఫోను వివరం వస్తుంది. పాత మనిషి గూగుల్ ఖాతా మీ ముందే తీసేయాలి. లేకపోతే రేపు ఫోను తెరుచుకోదు.

అసలు టచ్ ఫోను అవసరం లేనివాళ్లు కొనొద్దు. బటన్ల ఫోనుతో కూడా డబ్బు పంపుకునే యూపీఐ 123పే 2022లో వచ్చింది. పక్కింట్లో ఉందని మనం కొనక్కర్లేదు.

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఫోను ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 100 మంది ఆడవాళ్లలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్లు 54 మందే. మన పేరు మీద అప్పు, మన పొదుపు, మన ఖాతా. ఓటీపీ మాత్రం ఇంట్లో మగవాళ్ల ఫోనుకు వస్తుంది. బ్యాంకులో ఎంత పడిందో, ఎంత తీశారో మనం ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలి. అందుకని మా తీర్మానంలో ఒక షరతు పెట్టాం. సంఘం అప్పుతో కొన్న ఫోనులో సిమ్ సభ్యురాలి పేరు మీదే ఉండాలి, బ్యాంకు ఖాతాకు ఆ నంబరే ఇవ్వాలి, పిన్ ఆమెకే తెలియాలి. పిల్లవాడు చదువుకు వాడుకోవచ్చు. ఆ ఇంట్లో రాత్రి 7 నుంచి 9 వరకు పాఠాలకని మాట అనుకున్నారు. మొదట్లో వాడు మొహం ముడుచుకున్నాడు. ఇప్పుడు అమ్మకు వచ్చిన ఆర్డర్ల ఫొటోలు వాడే వరసగా పెట్టి ఇస్తున్నాడు.

పిన్ గురించి ఒక్క మాట. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. పొరపాటున పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

ఆ సభ్యురాలు ఇప్పటికి 6 వాయిదాలు కట్టింది. వానల్లో ఒక నెల పని లేకపోయినా కిస్తీ తప్పలేదు, ఎందుకంటే వానాకాలం చూసే 1,000 అని పెట్టుకున్నాం. ఆ పెద్దావిడే ఇప్పుడు కొత్తగా అడిగేవాళ్లతో, "ముందు ఇంటి లెక్క తీయండి" అంటోంది.

సమాఖ్యను మేము రెండు కోరుతున్నాం. ప్రతి గ్రామ సంఘంలో ఏడాదికి ఒక రోజు ఫోను, బ్యాంకు యాప్‌ల మీద శిక్షణ పెట్టించండి. మండలంలో సభ్యులు ఎక్కువమంది ఒకే సమయంలో కొనేటట్టయితే, షాపులతో సమాఖ్య తరఫున ధర మాట్లాడి పెట్టండి. విత్తనాలు కలిసి కొంటున్నాం కదా, ఇవీ అలాగే కొనవచ్చు.