అలారం మోగే కారు - అడుగంటిన బ్యాటరీ

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను చెప్పబోయేది వంటా కాదు, కుట్టూ కాదు. కారు బ్యాటరీ గురించి. 'అదేం ఖర్మ, అవన్నీ మగవాళ్లు చూసుకునేవి కదా!' అనుకుంటారేమో. మొన్నటి ఎండాకాలం దాకా నేనూ అట్లే అనుకున్నాను.

మాది ఆదోని. మావారిది పత్తి వ్యాపారం. ఆయన పని మీద గుంటూరు వెళ్లి వారం దాటింది, తీసేవాళ్లు లేక కారు ఎండలోనే పడివుంది. ఒకరోజు తెల్లవారుజామున ఎమ్మిగనూరు నుంచి మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది. "వదినా, అత్తమ్మ బాత్రూములో జారి పడింది. లేవలేకుండా ఉంది" అని. ఎమ్మిగనూరు ఎంతో దూరం లేదు, కారులో ముప్పావుగంట. నాకు డ్రైవింగు వచ్చు. పరుగున వెళ్లి రిమోట్ నొక్కితే చప్పుడు లేదు, వెలుగు లేదు. తాళంచెవితో తలుపు తీసి తిప్పితే 'టిక్' అని ఒక్కసారి అని ఊరుకుంది.

పక్కింటి కుర్రవాడు, నన్ను అత్తా అని పిలుస్తాడు, పానా తెచ్చి "బ్యాటరీ తీసి ఛార్జి చేద్దాం అత్తా, ఎంతసేపు" అన్నాడు. బానెట్ ఎత్తాడు. ఎర్ర మూత ఉన్న వైపు ముందుగా పానా పెట్టాడు. పానా రెండో కొస కారు ఇనుముకు తగిలింది. ఠప్పుమని నిప్పులు! వాడి వేలికి వెండి ఉంగరం ఉంది. అది కాలి వేలి చుట్టూ బొబ్బ లేచింది. వాడు 'అమ్మా' అని అరిచి ఇంకో పక్క తీగ లాగేశాడు. అంతే, కారులోని అలారం గొంతెత్తింది. బ్యాటరీ తీసేసినా ఆగదే! వీధి వీధంతా లేచి కూర్చుంది. నేను చివరికి బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లాను. అమ్మకు మణికట్టు ఎముక విరిగింది, అంతకన్నా ప్రమాదం లేదు. కుర్రవాడి వేలు మానడానికి మూడు వారాలు పట్టింది.

ఆ తర్వాత మా వీధి చివర షెడ్డులో ఉండే మెకానిక్ భాయ్ దగ్గర కూర్చుని అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఆయన మొదట నవ్వాడు. "మీరెందుకమ్మా, నాకు కబురు పెట్టండి" అన్నాడు. "తెల్లవారుజామున నాలుగున్నరకు పెట్టనా భాయ్?" అన్నాను. అప్పుడు చెప్పాడు.

మొదట ఆ నిప్పుల సంగతి. కారు బ్యాటరీ 12 వోల్టులది. ముట్టుకుంటే మామూలుగా షాకు కొట్టదు. అందుకే అందరూ దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ దానిలోంచి ఒక్కసారిగా వచ్చే కరెంటు చాలా ఎక్కువ. ఇంజను తిప్పేది అదే కదా! కారు ఇనుప ఒళ్లంతా బ్యాటరీ మైనస్ గుర్తు వైపుకు కలిపి ఉంటుంది. కరెంటుకు పోయే దారి తీగ, తిరిగొచ్చే దారి కారు ఒళ్లు. ప్లస్ వైపు పానా పెట్టి అది ఇనుముకు తగిలిందంటే దారి పూర్తయినట్టే. అదే ముందు మైనస్ తీసేశామనుకోండి, తిరుగుదారి తెగిపోయింది. ఇక ప్లస్ వైపు పానా కారు ఇనుముకు తగిలినా ఏమీ కాదు. అందుకని విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ ఆఖరు. నేను దీన్ని వంటింటి క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నాను.

ఇక మన ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చేతికి బంగారు గాజులు, ఉంగరాలు ఉంటే తీసేయాలి. ఒక గాజు ప్లస్‌కూ ఇనుముకూ మధ్య పడిందంటే క్షణంలో ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. మట్టి గాజులతో ఆ భయం లేదు, గాజులో కరెంటు పారదు. పుస్తెలతాడు తీయమంటే మనసొప్పదు, నాకూ ఒప్పలేదు. వంగినప్పుడు వేలాడకుండా రవిక లోపలికి దోపుకుని, కొంగు నడుముకు బిగించుకోండి.

అలారం ఎందుకు ఆగలేదని అడిగాను. కొన్ని కార్లలో సైరనుకు దానిదే చిన్న బ్యాటరీ ఉంటుంది. దొంగ పెద్ద బ్యాటరీ తీగ కోసినా మోగాలని అట్లా పెట్టారు. మనం విప్పినా దానికి దొంగే! కాబట్టి ముందు దాన్ని బుజ్జగించాలి. రిమోట్ పనిచేస్తుంటే దానితోనే తలుపులు తెరవాలి. పనిచేయకపోతే రిమోట్‌లో దాచివున్న తాళంచెవితో తెరిచి, ఇంజను తాళం ఆన్ చేసి ఆఫ్ చేయాలి. కొన్ని కార్లలో అట్లా చేసిన కొద్ది సెకన్లలోనే తీగ తీయాలి, కొన్నిట్లో కాసేపు ఆగాలి. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో మీ కారు పద్ధతి రాసివుంటుంది, ఒకసారి చదివి పెట్టుకోండి. తిరిగి తగిలించినప్పుడు సైరను కూయవచ్చు, అదరిపోకుండా రిమోట్‌తో తెరిచే బొత్తాం నొక్కండి.

తాళంచెవి మటుకు మీ చేతిలోనో, ఇంట్లోనో ఉండాలి. కారులో పెట్టి తలుపులు వేశారా, కరెంటు రాగానే దానంతట అదే తాళం పడితే బయట నిలబడాలి. డిక్కీ కరెంటుతో తెరుచుకునేదైతే అందులో ఏ వస్తువూ పెట్టకండి. బ్యాటరీ తీశాక గడియారం, రేడియో మరిచిపోతాయి. కొన్ని రేడియోలు కోడ్ అంకె అడుగుతాయి, అది ముందే రాసుకుని ఉంటే మంచిది.

అసలు అది ఎందుకు అడుగంటింది? కారు నిలబడివున్నా అలారం, కంప్యూటర్ వంటివి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఒక లెక్క చెబుతాను. 0.05 ఆంపియర్ల వంతున తాగుతూ ఉంటే రోజుకు 1.2 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్-గంటలది. 20 రోజులకు 24 ఖాళీ! అందులోనూ ఆదోని ఎండ. వేడి బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది. పాతదైతే వారమే చాలు.

ఛార్జింగుకు బ్యాటరీ వరండాలోకి తెచ్చుకోండి. సుమారు పది కిలోలుంటుంది, వొంచకుండా నిటారుగా ఎత్తాలి. వంటింట్లో వద్దు. ఛార్జి అయ్యేటప్పుడు దానిలోంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి కన్నా తేలిక కాబట్టి మూసిన గదిలో పైకప్పు కింద పేరుకుంటుంది, నిప్పురవ్వకు పేలుతుంది. దగ్గర్లో గ్యాసు స్టవ్వు, దేవుడి దీపం, అగరుబత్తి ఏవీ ఉండకూడదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు ఛార్జింగు నడుస్తుంటే ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పాలి. మా అత్తగారు దీపం తెచ్చి, "ఏందమ్మా, దేవునికి కూడా భయపడాల్నా?" అన్నారు. విషయం చెప్పాక ఆవిడే దీపం లోపలి గదిలో పెట్టారు.

ఛార్జరు స్విచ్ ఆఫ్‌లో ఉండగానే ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు తగిలించి, అప్పుడు ఆన్ చేయాలి. తీసేటప్పుడు ముందు ఆఫ్, తర్వాత తీగలు. బ్యాటరీ శక్తిలో పదోవంతు ఆంపియర్లు పెడితే మంచిది. 35 దానికి మూడున్నర. అట్లా పది పన్నెండు గంటలు పడుతుంది. తొందరపడి ఎక్కువ పెడితే కాగిపోతుంది. నిండాక కాసేపు ఊరకుంచి కొలిస్తే 12.6 వోల్టుల చుట్టుపక్కల చూపాలి. ఉబ్బినది, పగిలినది ఛార్జి చేయనే వద్దు.

మూతలు తీసే రకమైతే నీళ్లు చూడాలి. మన బోరు నీళ్లు అసలే పనికిరావు, ఫిల్టరు నీళ్లూ వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవాళ్లకు ఈ సంగతి తెలిసిందే. లోపలిది గంధకామ్లం. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. తెల్లగా, నీలంగా పట్టిన పొడిని వంటసోడా నీళ్లతో తుడవవచ్చు. లోపల సీసం ఉంటుంది, పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిండి కలపకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

ఈ రకం బ్యాటరీని ఫ్రాన్స్‌లో ప్లాంటే అనే ఆయన 1859లో కనిపెట్టాడు. మన తిరుపతి దగ్గర అమరరాజా కంపెనీ 1985లో మొదలై, ఇప్పుడు వీటిని దేశమంతా అమ్ముతోంది. పనికిరానిదాన్ని పాతసామాన్లవాడికి వేయకండి. కొత్తది కొనేచోట పాతది తీసుకుని ధర తగ్గిస్తారు. 2022లో వచ్చిన నిబంధనలు కూడా పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి.

మొన్న మావారు ఊళ్లో లేనప్పుడు మళ్లీ అడుగంటింది. గాజులు తీసి గూట్లో పెట్టాను. మైనస్ విప్పాను. సైరను కూయలేదు. పక్కింటి కుర్రవాడు గోడ మీదినుంచి చూస్తూ, "అత్తా, ఆ ఉంగరం తీసినావా?" అని అడిగాడు. అప్పుడు చూసుకున్నాను, ఎడమ చేతి ఉంగరం మరిచిపోయాను.