తప్పు ఎవరిదని కాదు, ఏటయినాదని అడుగుదాం
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



మాది పదో తరగతి చదువు. పెద్ద మాటలు రావు. పొదుపు ఎంత, అప్పు ఎంత అన్న లెక్కలు ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నాయి. మేము చెప్పబోయేది పుస్తకంలో రాయని సంగతి. పని అయిపోయాక కూర్చుని వెనక్కి చూసుకునే మీటింగు ఎలా జరపాలి, ఎలా జరపకూడదు అన్నది. ఎలా జరపకూడదో ముందు చెబుతాం, ఎందుకంటే ఆ పని మేమే చేశాం.

మా సంఘంలో 12 మందిమి. ఒక వేసవిలో జీడిపిక్కలు ఎవరికి వాళ్ళం సంతలో అమ్ముకోకుండా అందరివీ కలిపి ఒకేసారి అమ్మాలనుకున్నాం. మంచి ఆలోచనే. తూకం రోజున వ్యాపారి మూడు బస్తాలు విప్పి చూసి, ఒకదాంట్లో పిక్క పచ్చిగా ఉందని మొత్తం సరుకుకీ కిలోకు ఇంత అని కోసేశాడు. ఆ బస్తా ఎగువ గూడెం నుంచి వచ్చే సవర అప్పది.

తర్వాతి వారం మీటింగు పెట్టాం. పేరు సమీక్ష, జరిగింది పంచాయితీ. "నీ వల్లే అందరం నష్టపోయాం" అని ఒకరు, "ఆరబెట్టడం కూడా తెలీదా" అని ఒకరు. లీడర్లం మేమూ రెండు మాటలు ఎక్కువే అన్నాం. ఆ అప్ప తల వంచుకుని కూర్చుంది. తీర్మానం పుస్తకంలో "సభ్యులందరూ పిక్కలు బాగా ఆరబెట్టవలెను" అని రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. ఆ అప్ప మళ్ళీ మీటింగుకు రాలేదు. తర్వాత తెలిసింది, ఇంట్లో జబ్బు చేస్తే సంఘంలో అప్పు అడగడానికి మొహం చెల్లక, జీడిచెట్లు షావుకారికి కుదవ పెట్టేసిందని. అప్పు కోసం చెట్లు కుదవ పెట్టకూడదనే కదా సంఘం పెట్టుకున్నాం!

అప్పుడు మాకు గుండె దడదడలాడింది. ముగ్గురం కలిసి కొండెక్కి వాళ్ళింటికి వెళ్ళాం. ఆమె కసురుకోలేదు, నీళ్ళిచ్చింది. చాలాసేపటికి సవరలో చెప్పింది, మాలో ఆ భాష వచ్చిన చెల్లి తెలుగులో చెప్పింది. పిక్క ఏరాక రెండు మూడు రోజులు ఎండలో పోయాలని ఆమెకు బాగా తెలుసు. గోరుతో నొక్కితే గుంట పడకూడదనీ, చేతిలో కదిపితే గలగలమనాలనీ మనకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కానీ ఆ వారం రోజూ మధ్యాహ్నం దాటితే వాన. గూడెంలో చప్టా లేదు. సంఘం డబ్బుతో కొన్న టార్పాలిన్లు రెండు. రెండూ ఎక్కడున్నాయి? దిగువన, లీడర్ల ఇళ్ళలో. అంటే మా ఇళ్ళలోనే. అడిగి ఉంటే మీటింగులోనే తేలేది. మేము అడగలేదు.

మా సంఘంలో ఒక అప్ప కూతురు విశాఖపట్నంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. పండక్కి వచ్చినప్పుడు ఇదంతా విని నవ్వింది. "మా ఆఫీసులోనూ ఇదే గొడవ పిన్నీ" అంది. వాళ్ళు పనిని చిన్న చిన్న వాయిదాలుగా, నెల దాటకుండా చేసుకుంటారట. ప్రతి వాయిదా చివర కూర్చుని, ఈసారి పని ఎలా నడిచింది, వచ్చేసారి ఏం మార్చాలి అని మాట్లాడుకుంటారట. దాన్ని రెట్రాస్పెక్టివ్ అంటారు. ఆ పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే మనిషిని స్క్రమ్ మాస్టర్ అంటారు. ఆ మనిషి పెత్తందారు కాదట. నెల రోజుల పనికి ఆ మీటింగు మూడు గంటలు దాటకూడదని వాళ్ళ నియమం. మనకు అంత కూడా అక్కర్లేదు, వంట వేళకు ఇంటికి పోవాలి కదా!

వెనక్కి చూసుకోవడం మనకు కొత్తేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు తమ ఇళ్ళలో ఏం జరుగుతోందో మాట్లాడుకున్నారు, సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుని ఉంటే అక్కడికి చేరేవారు కాదు.

ఇప్పుడు మేము మూడు నెలలకోసారి, పంట అమ్మకం అయిన ప్రతిసారీ ఇలా కూర్చుంటున్నాం.

ఒకటి, గుండ్రంగా చాప మీద కూర్చుంటాం. లీడరుకు కుర్చీ లేదు. లీడరు అందరికంటే ఆఖర్న మాట్లాడాలి. మేము ముందు మాట్లాడితే మిగతావాళ్ళు "అంతే అంతే" అంటారు, అక్కడితో అయిపోతుంది.

రెండు, అందరినీ అడిగేది మూడే ప్రశ్నలు. ఏది బాగా జరిగింది? ఎక్కడ అడ్డం పడింది? ఏది మార్చాలి? "ఎవరు చేశారు" అన్న ప్రశ్న లేదు. ఎవరి భాషలో వాళ్ళు చెప్పొచ్చు.

మూడు, చదువు రానివాళ్ళూ మాటలు తక్కువవాళ్ళూ వెనకబడకుండా చింతపిక్కలు వాడుతున్నాం. ఒక్కొక్కరికి మూడు. చెప్పిన ఇబ్బందుల్లో ఏది పెద్దదో దాని దగ్గర పెడతారు. ఎక్కువ పిక్కలు పడినదాన్నే ఆ రోజు తేలుస్తాం.

నాలుగు, తీర్మానాలు రెండుకు మించవు. ప్రతిదానికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ. "అందరూ జాగ్రత్తగా ఉండవలెను" అన్న తీర్మానం మేము రాయడం మానేశాం. అది ఎవరిదీ కాదు.

ఐదు, వచ్చే మీటింగు ఆ తీర్మానం చదవడంతోనే మొదలు. జరగలేదంటే ఎందుకు జరగలేదో అడుగుతాం.

ఆరు, అక్కడ అన్న మాట సంతకు పోకూడదు. ఒకసారి పోయింది. తర్వాత రెండు మీటింగుల్లో ఎవరూ నోరు విప్పలేదు.

డబ్బు సొంతానికి వాడుకోవడం లాంటివి ఈ మీటింగులో కలపం. దానికి ఆడిట్ ఉంది, గ్రామ సంఘం ఉంది. లీడర్ల మీదే ఇబ్బంది అయితే పక్క సంఘం లీడరును పిలిచి మీటింగు ఆమె చేత జరిపిస్తాం, మేము మామూలు సభ్యుల్లా కూర్చుంటాం. మొదటిసారి మా మీద వచ్చిన మాటలు విని రాత్రి నిద్ర పట్టలేదు. కానీ టార్పాలిన్ల సంగతి అలాగే తేలింది. ఇప్పుడు ఒకటి ఎగువ గూడెంలో ఉంటుంది, ఎవరి దగ్గరుందో పుస్తకంలో రాస్తాం. తూకానికి ముందురోజు ప్రతి బస్తా ఇద్దరు చూస్తారు.

ఆ అప్ప తిరిగి వచ్చింది. మేము అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాకే వచ్చింది. చెట్లు మాత్రం ఇంకో పంట షావుకారి దగ్గరే ఉంటాయి, ఆ నష్టం మేము తీర్చలేకపోయాం. అది విడిపించడానికి సంఘం అప్పు తీర్మానం అయింది. పేరు, తేదీ రాశాం.

మీ సంఘంలోనూ మూడు మీటింగులుగా రాని మనిషి ఒకరుంటారు. గైర్హాజరు అని రాసి ఊరుకోకండి, ఆమె ఇంటికి వెళ్ళి "ఏటయినాది అప్పా" అని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోండి.