బల్లకు అవతలి వైపు

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య చదివిన పుస్తకాల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను సాహితీవేత్తను కాను. ముప్ఫయి నాలుగేళ్ళు ఫైళ్ళు చదివినవాణ్ణి. ఫైళ్ళు చదివి చదివి అలవాటైన కళ్ళతో పుస్తకం తెరిస్తే, ఎక్కడ లోపం దొరుకుతుందా, ఎక్కడ కొర్రీ వేద్దామా అనే బుద్ధే ముందు పుడుతుంది. నాకూ అలాగే పుట్టింది. చివరికి కొర్రీ నా మీదనే పడింది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఒప్పుకున్నాను.

కిందటి ఏడు జీవన ప్రమాణ పత్రం కోసం ఒక సేవా కేంద్రానికి వెళ్ళాను. 2014లో ఈ డిజిటల్ పద్ధతి వచ్చాక, బతికే ఉన్నామని వేలితో కూడా రుజువు చేసుకోవచ్చు కదా. నా వేలిముద్ర పడలేదు. డెబ్బయి ఒకటో ఏట వేలిగీతలు అరిగిపోయాయట. బొటనవేలు పెట్టాను, చూపుడువేలు పెట్టాను, తడిచేసి పెట్టాను, తుడిచి పెట్టాను. యంత్రం ఒప్పుకోలేదు. అక్కడ కూర్చున్న అబ్బాయి చెడ్డవాడు కాదు. మా మనవడి ఈడు వాడు. తల ఎత్తకుండానే "రేపు రండి తాతగారూ" అన్నాడు. ఆ మాట, ఆ గొంతు ఎక్కడో బాగా విన్నట్టే అనిపించింది. ఎక్కడో మాత్రం తోచలేదు.

అలా మూడు రోజులు తిరిగాను. రెండోరోజు నుంచి వరుసలో కూర్చుని చదువుకుందామని సంచిలో ఒక పుస్తకం పెట్టుకున్నాను. మాస్కోలో అచ్చయిన పుస్తకాలు మనకు కారుచౌకగా దొరికే రోజుల్లో కొని, తెరవకుండానే అటక ఎక్కించిన ఇంగ్లీషు పుస్తకం. అందులో గోగోల్ రాసిన "ఓవర్‌కోటు" కథ ఉంది. 1842లో అచ్చయిన కథ.

కథానాయకుడు అకాకీ అకాకియెవిచ్ అనే గుమాస్తా. జీతం ఏడాదికి నాలుగు వందల రూబుళ్ళు. పని నకళ్ళు రాయడం. ఒకసారి పై అధికారి దయతలచి కాస్త బుర్ర పెట్టే పని ఇస్తే, అతనికి చెమటలు పట్టి, "నాకు నకలు పనే ఇప్పించండి బాబూ" అని వేడుకుంటాడు. ఇక్కడ నేను గట్టిగా నవ్వాను. పక్కనున్నాయన నావైపు అదోలా చూశాడు. మన సెక్షన్లలో అటువంటి మహానుభావులు లేరా? వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాదా?

ఆ గుమాస్తా చలికోటు కోసం సాయంత్రం టీ మానేస్తాడు. కొవ్వొత్తి వెలిగించడం మానేస్తాడు. జోళ్ళు అరగకుండా మునివేళ్ళ మీద నడుస్తాడు. తీరా కోటు కుట్టించుకుని వేసుకున్న రోజు రాత్రే దొంగలు లాక్కుపోతారు. ఫిర్యాదుకు ఒక పెద్ద అధికారి దగ్గరికి వెళితే, ఆ అధికారి పక్కన కూర్చున్న స్నేహితుడికి తన దర్జా చూపించడం కోసం ఇతని మీద కేకలేస్తాడు. ఇతనికి జ్వరం వచ్చి పోతాడు. నాలుగు రోజుల తర్వాత గాని ఆఫీసుకు తెలియదు. తెలిసిన మర్నాడు ఆ కుర్చీలో కొత్త గుమాస్తా కూర్చుంటాడు. అక్కడ పుస్తకం మూసేశాను. పదవీ విరమణ చేసిన వారానికి మరిచిపోయిన కళ్ళజోడు కోసం నేను ఆఫీసుకు వెళితే, నా కుర్చీ అప్పటికే కిటికీ వైపు జరిగిపోయి ఉంది. ఎవరి తప్పూ లేదు.

ఆ రచయిత కథే ఇంత పని చేసింది కదా అని, తర్వాత టాల్‌స్టాయ్ రాసిన "ఇవాన్ ఇల్యీచ్ మరణం" చదివాను. 1886 నాటిది. ఇవాన్ ఇల్యీచ్ న్యాయస్థానంలో పెద్ద అధికారి. లంచం ముట్టని మనిషి. నియమాల మనిషి. నలభై అయిదేళ్ళకే పోతాడు. వార్త తెలియగానే తోటి అధికారుల మనసులో మెదిలే మొదటి ఆలోచన, ఈ ఖాళీతో ఎవరికి ప్రమోషన్ వస్తుంది, ఎవరికి బదిలీ అవుతుంది అని. పరామర్శకు వచ్చినవాణ్ణి భార్య పక్కకు పిలిచి, ప్రభుత్వం నుంచి ఇంకేమైనా సొమ్ము వచ్చే మార్గముందా అని అడుగుతుంది. ఆ విషయంలో అతని కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు! ఈ సభలో ఉన్నవారెవరికీ ఇది కొత్తగా అనిపించదు.

కాని నన్ను పట్టుకున్నది అది కాదు. జబ్బుపడి ఇవాన్ ఇల్యీచ్ పేరున్న డాక్టరు దగ్గరికి వెళతాడు. ఇతనికి కావలసింది ఒక్కటే: ఇది ప్రమాదమా, కాదా? డాక్టరు దానికి జవాబు చెప్పడు. మూత్రపిండమా, పేగా అని తన లెక్క తాను చూసుకుంటాడు. అప్పుడు ఇతనికి స్ఫురిస్తుంది, ఆ డాక్టరు ముఖంలోని గాంభీర్యం తాను ఇన్నేళ్ళూ ముద్దాయిల ముందు పెట్టిన గాంభీర్యమేనని. ఆ వాక్యం దగ్గర నాకు "రేపు రండి" గుర్తుకొచ్చింది. ఆ గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. అది నాదే.

మన తెలుగులో రావిశాస్త్రిగారి "ఆరు సారా కథలు" మళ్ళీ తీశాను. ఆయన విశాఖపట్నంలో ప్లీడరు. అందులో "మాయ" కథలో, సారా కేసులో పట్టుబడిన ఒక పేద స్త్రీ కుర్ర ప్లీడరుకి పోలీసులూ, కోర్టులూ ఎలా నడుస్తాయో విడమరిచి చెబుతుంది. ఉద్యోగంలో ఉండగా చదివినప్పుడు ఆ యాస బాగుందనుకున్నాను. ఇప్పుడు చదివితే వేరే సంగతి తట్టింది. మనం ఎదుటివాళ్ళకు ఏమీ తెలియదనుకుంటాం. బల్లకు అవతల నిలబడ్డవాళ్ళకు మన సంగతి మనకంటే బాగా తెలుసు.

ఇక నాలుగో పుస్తకం, శ్రీలాల్ శుక్లగారి హిందీ నవల "రాగ్ దర్బారీ". 1968లో వచ్చింది. మరుసటి ఏడు సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. ఆయనా ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారిగా పనిచేసినవారే. అందులో లంగడ్ అనే కుంటివాడు తాలూకా కచేరీ నుంచి ఒక నకలు తెచ్చుకోవాలి. నకలు గుమాస్తా అయిదు రూపాయలు అడుగుతాడు. వీడు రెండే ఇస్తానంటాడు. మాటా మాటా పెరుగుతుంది. లంచం ఇవ్వకుండా నియమం ప్రకారమే తీసుకుంటానని వీడు పట్టుపడతాడు. లంచం తీసుకోకుండా నియమం ప్రకారమే ఇస్తానని గుమాస్తా పట్టుపడతాడు. ఇక దరఖాస్తు తిరగడం మొదలవుతుంది. ఒకసారి ఈ లోపం, ఒకసారి ఆ లోపం. చివరికి నకలు తయారయ్యేసరికి వీడు జ్వరంతో మంచాన ఉంటాడు. గడువు దాటిందని నకలు చింపేస్తారు. అంతా నియమం ప్రకారమే!

చదువుతున్నంతసేపూ అందరూ నవ్వుకునే పుస్తకం అది. నేను నవ్వలేకపోయాను.

పాతికేళ్ళ కిందట నేను పింఛను సెక్షనులో ఉండగా ఒకావిడ వచ్చేది. భర్త అటెండరుగా చేసి సర్వీసులోనే పోయాడు. కుటుంబ పింఛను రావాలి. సర్వీసు రిజిస్టరులో ఆవిడ పేరు ఒకలా, దరఖాస్తులో మరోలా ఉంది. అఫిడవిట్ తెమ్మని కొర్రీ వేశాను. తెచ్చింది. దాని మీద తేదీ లేదన్నాను. వేయించుకొచ్చింది. పిల్లల వయసు ధ్రువపత్రం లేదన్నాను. అదీ తెచ్చింది. వారసత్వ ధ్రువపత్రంలో ఇంటిపేరు తప్పు పడిందన్నాను. ఒక్క పైసా అడగలేదు. నేను వేసిన కొర్రీ ఒక్కటి కూడా తప్పు కాదు. ఏడు నెలలు గడిచాయి. తీరా మంజూరు ఉత్తర్వు పంపితే, "చిరునామాలో లేరు" అని పోస్టుమాన్ రాతతో కవరు తిరిగొచ్చింది. దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టాను. అటువైపు నుంచి మళ్ళీ ఎవరూ రాలేదు.

ఇన్నాళ్ళూ నేను నిజాయితీపరుణ్ణని గర్వంగా చెప్పుకుంటూ వచ్చాను. లంగడ్ కథ చదివిన రాత్రి ఈ సంగతి మొదటిసారి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ అంతా విని, "కావలసినవన్నీ ఒకేసారి చెప్పమని ఆమె అడగలేదా?" అంది.

అడిగింది. రెండోసారి వచ్చినప్పుడే అడిగింది. "ఫైలు చూడందే ఎలా చెబుతామమ్మా, వచ్చే వారం రండి" అన్నాను. ఫైలు నా బల్ల మీదే ఉంది.

1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని చెప్పింది. అందుకే ఏటా ఈ పండుగ చేసుకుంటున్నాం. ఆ తీర్పు వచ్చాక ఎన్నో ఏళ్ళకు, ఆ తీర్పు పాఠం నా బీరువాలో ఉండగానే, నేను ఒక మనిషి చేత ఆమె హక్కును భిక్షలా అడిగించాను. ఆవిడ ఎక్కడుందో తెలియదు. క్షమాపణ చెప్పుకోవడానికి చిరునామా కూడా లేదు.

పుస్తకాలు మనుషుల్ని మారుస్తాయని పెద్దలంటారు. డెబ్బయి దాటాక నేనేం మారతాను? కాని పని చేతనయింది కదా. అందుకని సంఘానికి ఒక విన్నపం. ప్రతి శనివారం ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా సంఘం గదిలో నేను కూర్చుంటాను. కుటుంబ పింఛను కోసం తిరుగుతున్నవాళ్ళు ఎవరున్నా పంపండి. ఏయే కాగితాలు కావాలో, వాటిలో ఏయే లోపాలు పట్టుకుంటారో, పట్టుకున్నవాణ్ణి గనుక అన్నీ ఒకే కాగితం మీద ఒకేసారి రాసి ఇస్తాను. తోడుగా మరో ఇద్దరు వస్తే సంతోషం.

రెండో మాట, ఈరోజు ఇంటికి వెళ్ళగానే మీ పింఛను చెల్లింపు ఉత్తర్వు తీసి చూడండి. అందులో మీ శ్రీమతి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో, ఆధార్‌లోనూ బ్యాంకు పుస్తకంలోనూ అలాగే ఉన్నాయో లేదో సరిచూడండి. తేడా ఉంటే మనం బతికుండగానే సరిచేయిద్దాం. మన తర్వాత వాళ్ళను ఎవరి బల్ల ముందూ నిలబెట్టొద్దు.

ఈ నాలుగు పుస్తకాలూ సంఘం బీరువాలో పెడుతున్నాను. తీసుకెళ్ళి చదవండి. గడువు లేదు, జరిమానా లేదు, కొర్రీలు అసలే లేవు.