గుండమ్మ తరఫున: సూర్యకాంతం స్మారకోపన్యాసం

ఫలక్‌నుమా వైపు వెళ్తుంటే వచ్చే జహనుమాలో తెలుగిళ్లూ ఉర్దూ మాట్లాడే ఇళ్లూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఇక్కడ సూర్యకాంతం పేరు మీద సభ పెట్టి, స్మారకోపన్యాసం చేయమని పిలవడం ఈ వక్తకు దక్కిన గౌరవం. ఏళ్ల తరబడి తెగని తగాదా ఒకటి ఉంది. దాన్ని ఈ వేదిక మీదే తేల్చుకోవాలని ఈ వక్త కోరిక.

సూర్యకాంతం జీవితం సభికులకు తెలిసిందే. 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. ఆటపాటల మీద మక్కువ మద్రాసు దాకా నడిపించింది. జెమినీ వారి 'చంద్రలేఖ' (1948)లో చిన్న నృత్య పాత్ర, ఎల్.వి.ప్రసాద్ 'సంసారం' (1950)లో గయ్యాళి అత్త, ఆ తర్వాత పాతికేళ్లకు పైగా తీరిక లేని పని. 'సౌదామిని'లో కథానాయిక వేషం వచ్చినట్టే వచ్చి, కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగలడంతో చేజారిందని చెబుతారు. వీటి మీద తగాదా ఏమీ లేదు.

నివాళిగా ఒక్క మాట. ఎడమచేతి వాటం పిల్లలకు మన ఇళ్లలో పడే చీవాట్లు పడ్డవాళ్లకే తెలుసు. అన్నం ముద్ద ఎత్తినా, బలపం పట్టినా చేతి మీద ఒక దెబ్బ. అలాంటి బాల్యం గడిచిన ఈ వక్తకు, తెర మీద ఎడమచేయి విసురుతూ ఇల్లంతా గడగడలాడించే ఆవిడను చూడడం ఎంత ఊరటో చెప్పడం కష్టం. ఆ చేతిని ఎవరూ కొట్టలేదు. కోట్లమంది చూసి నవ్వారు, భయపడ్డారు, గుర్తు పెట్టుకున్నారు.

ఇక తగాదా. ఆవిడ గురించి ఏ సభలో మాట్లాడినా ఒక వాక్యం తప్పదు: ఆవిడ నటన ఎంత గొప్పదంటే, తెలుగువాళ్లు ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారు. పొగడ్త అనుకునే అంటారు. ఈ వక్త దృష్టిలో అది అన్యాయం. వందల వేషాలు కట్టిన నటిని అది ఒకే వేషంలో బంధిస్తుంది. ఆ వేషాన్ని కూడా సరిగ్గా చూడనివ్వదు.

'మాయాబజార్' (1957) తీసుకుందాం. అందులో ఆవిడ హిడింబి. అడవిలో కొడుకును పెంచిన తల్లి, ఇంటికొచ్చిన సుభద్రను ఆప్యాయంగా అక్కున చేర్చుకున్న తోడికోడలు. సుభద్ర ఋష్యేంద్రమణి, ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు. రంగారావు 1918లో పుట్టారు. అంటే తనకంటే ఆరేళ్లు పెద్దవాడికి ఆవిడ తల్లి, అదీ ముప్పై రెండేళ్ల వయసులో. అక్కడ గయ్యాళితనం మచ్చుకైనా లేదు. రాక్షస స్త్రీకి అంత నిండుదనం ఇచ్చిన ఆ నటనను ఎవరూ ఎందుకు ఉదాహరించరు?

'తోడికోడళ్ళు' (1957) మాటేమిటని అడుగుతారు. నిజమే, అందులో ఇల్లు చీలడానికి ఆవిడ వేసిన అనసూయే కారణం. కానీ ఆదుర్తి సుబ్బారావు ఆ పాత్రను ఉత్త దుర్మార్గంగా తీయలేదు. జగ్గయ్య వేసిన వైకుంఠం చెవిలో పోసిన విషం, ఉమ్మడింట్లో తన పిల్లల పాలు ఏమవుతుందోనన్న బెంగ కలిసి అనసూయను ఆడిస్తాయి. ఆ బెంగ సూర్యకాంతం కళ్లలో కనిపిస్తుంది. చూడదలుచుకున్నవాళ్లకు కనిపిస్తుంది.

అసలు పోరు 'గుండమ్మ కథ' (1962) మీద. కన్నడంలో విఠలాచార్య తీసిన సినిమా ఆధారంగా విజయా వారు తీశారు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు డి.వి.నరసరాజు. ఎన్.టి.రామారావుకు నూరో చిత్రం, అక్కినేనికి తొంభై తొమ్మిదోది. సావిత్రి, జమున, రంగారావు ఉన్నారు. ఇంతమంది ఉండగా సినిమా పేరు మాత్రం క్యారెక్టర్ నటిది! అరవై ఏళ్లు దాటినా ఇలాంటి పోస్టరు తెలుగులో అరుదే.

మరి ఆ గుండమ్మ ఎవరు? భర్త పోయిన మనిషి. ఆస్తి ఉంది, ఇల్లుంది, కన్న పిల్లలున్నారు, సవతి కూతురు లక్ష్మి ఉంది. లక్ష్మిని పనిమనిషిలా చూడడం ఆవిడ నేరం. దాన్ని ఈ వక్త తక్కువ చేయడం లేదు. అయితే మిగతావాళ్లు చేసేదేమిటి? రామారావు వేసిన అంజి పనివాడి వేషంలో ఇంట్లో దూరతాడు. పెళ్లయ్యాక అక్కినేని వేసిన రాజా తాగుబోతు వేషం వేస్తాడు. పెద్దమనిషి రామభద్రయ్య ఆ నాటకాలకు వెనకుండి దన్నుగా నిలుస్తాడు. ఘంటయ్య గుండమ్మ కూతురు సరోజ ఆస్తి మీద కన్నేసి తనవాడికి కట్టబెట్టాలని చూస్తాడు. చివరికి ఛాయాదేవి వేసిన దుర్గమ్మ వచ్చి, గుండమ్మను ఆవిడ ఇంట్లోనే గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఇంటి చుట్టూ ఉన్నవాళ్లలో గుండమ్మతో నిజం చెప్పినవాళ్లు ఎంతమంది? కథ పొడవునా మోసపోయేది ఆవిడే, శిక్ష పడేదీ ఆవిడకే, మారేదీ ఆవిడే. ఇన్ని మెట్లు ఎక్కి దిగిన పాత్రను ప్రతినాయిక అంటే ఎలా ఒప్పుకోవాలి?

ఇక్కడ ఎదురువాదులు ఒక కథ తెస్తారు. సూర్యకాంతం వేస్తోందంటే చాలు, గుండమ్మ గయ్యాళి అని చూపించడానికి వేరే సన్నివేశాలు అక్కర్లేదని నిర్మాత చక్రపాణి అన్నారని సినిమావాళ్లు చెప్పుకుంటారు. చూశారా, చక్రపాణే ఆవిడ గయ్యాళి అన్నారు అని వాళ్ల వాదం. ఆ మాట ఆయన అన్నదే అయితే అది ఈ వక్త పక్షాన నిలిచే సాక్ష్యం. సన్నివేశాలు అక్కర్లేదంటే, తెర మీద ఆ గయ్యాళితనం పెద్దగా లేదనే కదా! ప్రేక్షకుడు పాత సినిమాల నుంచి భయాన్ని ఇంటి దగ్గరే మూటగట్టుకుని హాలుకు తెస్తాడని నిర్మాతకు తెలుసు. మిగిలిన చోటులో సూర్యకాంతం చేసిందేమిటో చూడాలి. అంజి అమాయకత్వం నటిస్తుంటే మురిసిపోతుంది, కూతురి కాపురం తలచుకుని కంగారు పడుతుంది, దుర్గమ్మ ముందు చేతకాక కుంగిపోతుంది.

గుండమ్మ వచ్చిన కాలాన్ని కూడా చూడాలి. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. విధవకు తన వాటా ఆస్తి మీద సంపూర్ణ హక్కు, కూతుళ్లకు తండ్రి ఆస్తిలో వాటా దానివల్లే వచ్చాయి. ఆరేళ్లకు గుండమ్మ తెర మీదికొచ్చింది. సినిమాలో చట్టం ఊసే లేదు, కాబట్టి ఇది అతివ్యాఖ్య అనే విమర్శ వస్తుంది. రానివ్వండి. మగతోడు లేకుండా పెట్టె తాళాలు బొడ్లో దోపుకుని ఇల్లు నడిపే ఆడమనిషి ఆ రోజుల్లో ఎవరికి నవ్వు పుట్టించింది, ఎవరికి గుబులు పుట్టించింది అని అడగకుండా ఆ సినిమా మీద తీర్పు చెప్పడం కుదరదు.

నటిని ఒకే వేషంలో బంధించే ఈ తప్పు మనం ఒక్కళ్లమే చేయలేదు. అమెరికాలో 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్' (1939)లో మంత్రగత్తె వేసిన మార్గరెట్ హామిల్టన్ అంతకుముందు చిన్నపిల్లలకు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. అయినా 1975లో పిల్లల టీవీ కార్యక్రమానికి వచ్చి, అది ఉత్త వేషమేనని వివరించాల్సి వచ్చింది. ఇక లలితా పవార్ గురించి పాతబస్తీ సభికులకు వేరే చెప్పాలా? హిందీ వాళ్లకు ఆవిడ అత్తగారే. కానీ 'అనాడీ' (1959)లో పైకి కరుకు, లోపల వెన్నలాంటి మిసెస్ డిసాగా ఆవిడకు ఫిల్మ్‌ఫేర్ సహాయనటి బహుమతి వచ్చింది. ఆస్కార్‌లో సహాయ నటీనటులకు 1937 నుంచే బహుమతులున్నాయి. మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఆ విభాగం 1984 సంవత్సరపు చిత్రాలతో గానీ మొదలు కాలేదు. అప్పటికి సూర్యకాంతానికి అరవై నిండాయి, మంచి వేషాలన్నీ అయిపోయాయి. బహుమతి లేని చోట విమర్శా లేదు, విమర్శ లేని చోట ఒక్క ముద్రే మిగిలింది.

వయసు లెక్క ఇంకొకటి ఉంది. 'గుండమ్మ కథ'లో అల్లుడు అక్కినేని, అత్త సూర్యకాంతం ఇద్దరూ 1924లోనే పుట్టారు. అల్లుడే అత్త కంటే నెలకు పైగా పెద్ద. అల్లుడు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పాటలు పాడుతూ తోటల్లో తిరిగాడు. అత్తకు ముప్పై ఏడేళ్లకే నెరిసిన జుట్టు. ఇది ఆవిడ ఒక్కరి సంగతి కాదు. హేమలత, నిర్మలమ్మ, ఛాయాదేవి, ఋష్యేంద్రమణి, ఇలా ఎంతమందికో నడివయసు అనేదే తెర మీద లేకుండా పోయింది.

అందుకే ఈ వక్త ఇప్పుడు ఒక పట్టిక తయారు చేసే పనిలో ఉంది. 1950 నుంచి 1975 దాకా తెలుగు సినిమాల్లో తల్లి, అత్త, పిన్ని, పనిమనిషి, పొరుగింటి ఆవిడ వేషాలు వేసిన నటీమణులు ఎవరు, ఏ పాత్ర పేరుతో వేశారు, అప్పటికి వారి వయసెంత అన్నది సినిమావారీగా రాయాలి. చాలా సినిమాల టైటిల్స్‌లో ఈ పేర్లు గుంపుగా వచ్చి చదివేలోగా పోతాయి. ఎవరు ఏ పాత్రో తెలియదు. ఆ వివరం దొరికేది అప్పట్లో సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాల్లోనే. పాత్రలూ నటులూ అంటూ వాటిలో ఒక పేజీ ఉండేది. అవి నాసిరకం కాగితం మీద అచ్చయ్యాయి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి.

జహనుమా, అలియాబాద్, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ, గౌలిపురాల్లో పాత ట్రంకుపెట్టెలున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మమ్మలు, నాయనమ్మలు దాచుకున్న పాటల పుస్తకాలు, సినిమా పత్రికలు వాటిలో ఉంటే పాతసామాన్ల బండికి వేయకండి. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, పాత్రలూ నటులూ ఉన్న ఆ ఒక్క పేజీ ఫొటో తీసి నిర్వాహకులకు అందించండి. అట్ట చిరిగినా ఫర్వాలేదు, సగమే ఉన్నా ఫర్వాలేదు.